తోడు పడవ మనిషి నీళ్లలో పడితే: రెస్క్యూ సామానులో ఏది కొనాలి, ఏది దుకాణంలోనే వదిలేయాలి

కొత్తగా కాయక్ (సన్నటి తెడ్డు పడవ) కొన్నవాళ్లకు దుకాణంలో దాదాపు తప్పకుండా చూపించేది 'సేఫ్టీ కిట్' సంచీ. విప్పితే తెడ్డు కొసకు తొడిగి గాలి ఊదే పాడిల్ ఫ్లోట్ ఒకటి, పడవలో నీళ్లు తోడే చేతి పంపు ఒకటి, విజిల్, స్పాంజి, ఒక్కోసారి చిన్న తాడు సంచీ. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి 'అన్నీ ఉన్నాయి, భయపడకండి' అని చెప్పడానికి బాగానే ఉంటుంది. అయితే ఈ సంచీని కూర్చింది ఒంటరిగా వెళ్లే మనిషిని మనసులో పెట్టుకుని. ఇద్దరు రెండు పడవల్లో వెళ్తున్నప్పుడు, ఒకరు పడితే రెండోవారు ఎక్కించాల్సి వచ్చినప్పుడు, లెక్క పూర్తిగా మారిపోతుంది. కిట్‌లో అన్నిటికంటే ఖరీదైన ఫ్లోట్ చివరి స్థానానికి జారుతుంది. కిట్‌లో అసలు లేని టో బెల్టు, అంటే పడవను లాగే తాడున్న నడుము పట్టీ, పైకొస్తుంది.

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లు లేక్ సమామిష్‌లోనో లేక్ వాషింగ్టన్‌లోనో వేసవిలో మొదలుపెట్టి, రెండో ఏడాదికల్లా ప్యూజెట్ సౌండ్ ఉప్పునీటి వైపు చూస్తారు. ఆ నీళ్ల సంగతి వేరు. ఆగస్టులో గాలి 27 డిగ్రీల సెల్సియస్ ఉన్నా నీళ్లు చాలాచోట్ల 13 దాటవు, చలికాలంలో 8 దగ్గర ఉంటాయి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి మన చేతిలో ఉండదు. చన్నీళ్ల ప్రమాదాల గురించి చెప్పేవాళ్లు దీనికి 1-10-1 అనే గుర్తు వాడతారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు చెప్పినట్టు వినేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. సామాను మంచిచెడ్డలు తేల్చేది మధ్యలో ఉన్న ఆ 10 నిమిషాలే. వేళ్లు మొద్దుబారాక వాడలేని వస్తువు ఎంత నాణ్యంగా కుట్టినదైనా దండగే.

అందుకే ఇక్కడ ప్రతి వస్తువునీ చూసిన కొలత ఒకటే: పడ్డ మనిషి ఎంత త్వరగా మళ్లీ సీట్లో కూర్చుంటాడు, కూర్చున్నాక ఒడ్డు ఎలా చేరతాడు. ముందుగా చెబుతున్నది మూసిన కాక్‌పిట్ (కూర్చునే గుంత) ఉన్న సీ కాయక్‌ల గురించి. పైన కూర్చునే పడవలు, గాలి పడవలు, ఇద్దరి పడవల సంగతి చివర్లో ఉంది.

ముందు చేతులు, తర్వాత సామాను

సామాను దేనికో తెలియాలంటే టీ-రెస్క్యూ తెలియాలి, అంటే పడ్డ మనిషి పడవను తోడు పడవ మీదకు లాగి ఖాళీ చేసి, మనిషిని మళ్లీ ఎక్కించే పద్ధతి. దీనికి ఏ వస్తువూ కొనక్కర్లేదు, రెండు పడవలు చాలు.

పడ్డ మనిషి చేయాల్సింది ఒక్కటే: పడవనీ తెడ్డునీ వదలకుండా పట్టుకోవడం. గాలి ఉన్న రోజు ఖాళీ పడవ ఈతగాడి కంటే వేగంగా కొట్టుకుపోతుంది. కాపాడే మనిషి దగ్గరకు వస్తూనే గట్టిగా కేకేసి ఆ మాటే చెప్పాలి. తరువాత బోల్తా పడ్డ పడవ ముక్కు దగ్గరకు తన పడవను అడ్డంగా చేర్చాలి, రెండూ ఇంగ్లీషు టీ ఆకారంలోకి వచ్చేలా. తన తెడ్డును డెక్ (పడవ పైభాగం) మీది ఎలాస్టిక్ తాడు కింద దోపేయాలి. ఈత మనిషి కాపాడే పడవ డెక్ తాడు పట్టుకోవాలి, చివరిదాకా ఏదో ఒక పడవ మీద చెయ్యి ఉండాల్సిందే.

బోర్లా పడ్డ పడవను నేరుగా లేపబోతే కాక్‌పిట్ నీళ్లను పీల్చి పట్టుకుంటుంది. కొంచెం పక్కకు వంచితే గాలి లోపలికి దూరి పట్టు వదులుతుంది. అప్పుడు ముక్కును తన డెక్ మీదకు లాక్కోవాలి. బరువనిపిస్తే ఈత మనిషిని పడవ వెనక కొసకు పంపి కిందికి నొక్కమనాలి, తక్కెడలా ముక్కు లేస్తుంది. కాక్‌పిట్ బోర్లా ఉంది కాబట్టి కొద్ది సెకన్లలో నీళ్లు కారిపోతాయి. కారడం ఆగగానే వెల్లకిలా తిప్పి నీళ్లలోకి జార్చి, రెండు పడవలనూ పక్కపక్కన, ఒకదాని ముక్కు రెండోదాని తోక వైపు ఉండేలా చేర్చాలి. కాపాడే మనిషి తన ఒళ్లంతా అవతలి పడవ మీదకు వాల్చి, కాక్‌పిట్ ముందు అంచును రెండు చేతులతో వాటేసుకోవాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. మర్యాదగా వేళ్లతో అంచు పట్టుకుంటారు, ఎక్కే మనిషి బరువు పడగానే పడవ జారిపోతుంది. చంక కింద బిగించాలి, నాజూకు పనికిరాదు. ఇలా వాలితే తామూ బోల్తా పడతామేమోనన్న భయం అక్కర్లేదు. జోడైన రెండు పడవలు ఒక తెప్పలాంటివి.

ఎక్కడానికి సులువైన పద్ధతి మడమ మెలిక. ఈత మనిషి బయటి పక్కన వెల్లకిలా తేలుతూ, తల పడవ తోక వైపు ఉంచి, పడవ పక్కనున్న కాలును కాక్‌పిట్ లోకి వేసి మడమను లోపలి అంచుకు తగిలించాలి. ఆ కాలు చాపుతూ చేతులతో లాక్కుంటే ఒళ్లు దొర్లి వెనక డెక్ మీద బోర్లా పడుతుంది. రెండో కాలు కూడా లోపలికి పెట్టి, ముఖం కాపాడే మనిషి వైపు ఉండేలా తిరిగి కూర్చోవాలి. అటు తిరిగితే బరువు తెప్ప మీదే ఉంటుంది, ఇటు తిరిగితే మళ్లీ నీళ్లే. సాధన ఉన్న జంటకు ఇదంతా 2 నిమిషాల పని. స్ప్రే స్కర్ట్ (నడుము చుట్టూ కాక్‌పిట్‌ను మూసే తొడుగు) బిగించి, తెడ్డు చేతికి వచ్చేదాకా కాపాడే మనిషి పట్టు వదలకూడదు.

ఇప్పుడు ఈ వరుసలో ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో చూద్దాం.

చేతి పంపు: మారుమాట లేకుండా కొనండి

టీ-రెస్క్యూలో నీళ్లు కారిపోయినా అడుగున 10 నుంచి 20 లీటర్లు మిగులుతాయి. ఆ నీళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పారుతూ ఉంటే, అప్పటికే వణుకుతున్న మనిషి రెండోసారి బోల్తా పడటానికి అదే చాలు. కాబట్టి పంపు ఇద్దరి దగ్గరా ఉండాలి, ఒక్కరి దగ్గర కాదు. పడ్డ మనిషి పంపు నీళ్లలో పోవచ్చు, లేదా వాడే ఓపిక ఉండకపోవచ్చు.

గట్టి ప్లాస్టిక్ గొట్టం, పైన అడ్డ పిడి, నీళ్లలో తేలడానికి చుట్టూ నురుగు తొడుగు: పాతకాలపు ఈ డిజైన్‌కు మించినది ఇంకా రాలేదు. బెక్సన్ వాళ్ల థర్స్టీ మేట్ ఈ రకమే. కొనేటప్పుడు చూడాల్సింది గొట్టం వెడల్పు. లోపలి వ్యాసం 4.5 సెం.మీ., పిడి లాగే దూరం 35 సెం.మీ. ఉంటే ఒక్క లాగుకు సుమారు అర లీటరు వస్తుంది. అంటే 20 లీటర్లకు 40 లాగులు, నిమిషం పైచిలుకు. అదే టీ-రెస్క్యూ రాక, నిండా మునిగిన పడవలోకి ఎక్కి పంపు కొట్టాలంటే? 150 లీటర్లకు 300 లాగులు. భుజాలు అక్కడే చచ్చుబడతాయి. ముందు పడవ ఖాళీ చేసి ఎక్కించాలని మళ్లీ మళ్లీ చెప్పేది ఇందుకే.

సన్న గొట్టం పంపులు చౌక, కానీ లాగుకు పావు లీటరు రావడం కూడా కష్టం. కొన్నాక ఇంట్లో 10 లీటర్ల బకెట్ పెట్టి లాగులు లెక్కపెట్టండి. 20 నుంచి 25 లాగుల్లో ఖాళీ అయితే మంచిది, 40 దాటితే వాపసు ఇచ్చేయండి. ఇంకో పరీక్ష: బకెట్‌లోకి వదిలితే పంపు తేలాలి. నురుగు తొడుగు వదులుగా ఉన్న వాటిలో తొడుగు మాత్రమే తేలి గొట్టం మునిగిపోతుంది.

వాడకంలో వచ్చే చిక్కు అలలు. కాక్‌పిట్ తెరిచి పెట్టి పంపు కొడుతుంటే ఒక అల కొట్టి మీ నిమిషం శ్రమను తిరిగి నింపేస్తుంది. ముందు స్కర్ట్‌ను మూడొంతులు బిగించి, మిగిలిన సందులోంచి పంపు దించి కొట్టాలి. నీళ్లు చిమ్మే మూతి గాలి వాలుకు ఉండాలి, లేదంటే కాపాడేవాళ్ల ముఖం మీదే. పంపును డెక్ మీద ఎలాస్టిక్ కింద ఉంచేవాళ్లు ఎక్కువ, మొదటి పెద్ద అలకే అది పోతుంది. సీటు వెనక గానీ, కాక్‌పిట్ లోపలి పైకప్పుకు గానీ ఎలాస్టిక్‌తో బిగించడం మేలు. ఉప్పునీటి నుంచి వచ్చాక మంచినీళ్లలో పది లాగులు కొట్టండి. లోపలి రబ్బరు వాషర్ ఉప్పుకు ఎండి బిగుసుకుంటే పంపు గాలి మింగుతుంది, నీళ్లు రావు.

టో బెల్టు: కిట్‌లో ఉండదు, ఉండాల్సింది ఇదే

పడవ ఎక్కించడంతో పని సగమే అయింది. ఎక్కిన మనిషి భుజం పట్టేసి ఉండవచ్చు, వాంతులు కావచ్చు, చలికి తెడ్డు పట్టలేకపోవచ్చు. అప్పుడు కావాల్సింది లాగే తాడు. సీ కాయక్ టో బెల్టు అంటే నడుముకు కట్టుకునే సంచీ, లోపల 15 మీటర్ల తాడు, కొసన స్టీల్ కారబైనర్ (స్ప్రింగు మూత ఉన్న కొక్కెం), దాని దగ్గర చిన్న బిరడా తేలుడు, నడుము దగ్గర ఒక్క లాగుతో విడిపోయే బకిల్. కెనడా కంపెనీ నార్త్ వాటర్, ఐడహో రాష్ట్రానికి చెందిన ఎన్ఆర్ఎస్ చేసే బెల్టులు ఈ రకంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఏ కంపెనీదైనా చూడాల్సిన భాగాలు మాత్రం అవే.

మొదటిది బకిల్. పట్టీ కొసన గోళీ లాంటి బంతి గానీ పెద్ద పూస గానీ ఉండాలి, మొద్దుబారిన చేతికి కూడా దొరికేలా. కొన్ని చౌక బెల్టులకు స్కూల్ బ్యాగుల మీద ఉండే మామూలు రెండు పక్కలు నొక్కే బకిల్ పెడతారు. తాడు మీద బరువు పడినప్పుడు అది నొక్కినా ఊడదు, లేదా ఊడకూడని వేళ ఊడుతుంది. దుకాణంలోనే పరీక్షించవచ్చు: బెల్టు కట్టుకుని ఎవరినైనా తాడు గట్టిగా లాగమనండి, కళ్లు మూసుకుని ఒక్క చేత్తో విడిపించండి. ముందు కుడి చేత్తో, తరువాత ఎడమ చేత్తో. రెండుసార్లు తడుముకోవాల్సి వస్తే ఆ బెల్టు వద్దు.

బెల్టు మంచిదైనా కట్టుకోవడంలో దాన్ని చెడగొట్టేవాళ్లున్నారు. పొడవుగా వేలాడే పట్టీ కొసను చక్కగా మడిచి లోపలికి దోపుతారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ విడిపించినప్పుడు ఆ మడత బకిల్‌లో ఇరుక్కుంటుంది. మిగులు పట్టీని కత్తిరించి కొస కాల్చేయండి, మడవకండి. లైఫ్ జాకెట్ కింది అంచు బెల్టును కప్పకూడదు కూడా.

రెండోది తాడు. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. మునిగిన తాడు చుక్కానికీ ఈత మనిషి కాళ్లకీ చుట్టుకుంటుంది. 6 నుంచి 8 మి.మీ. మందం సరిపోతుంది. అంతకంటే సన్నటిది చేతిని కోస్తుంది, లావైనది సంచీలో పట్టదు. పొడవు 15 మీటర్లు ఎందుకంటే, వెనక నుంచి అలలు తోస్తున్నప్పుడు లాగబడే పడవ అల మీద జారి ముందు పడవ వీపులోకి దూసుకొస్తుంది. సీ కాయక్ ఒక్కోటి సుమారు 5 మీటర్లు. మధ్యలో రెండు మూడు పడవల ఎడం లేకపోతే కాపాడబోయిన మనిషికే ముక్కు గుచ్చుకుంటుంది. నిశ్చలమైన చెరువులో అంత పొడవు అక్కర్లేదు, కాబట్టి సగంలో ముడి వేసి గొలుసులా అల్లి కుదించుకునే వీలున్న తాడు మేలు. తాడు మధ్య ఒక మీటరు ఎలాస్టిక్ ఉంటే ప్రతి అలకీ నడుము మీద పడే కుదుపు తగ్గుతుంది.

మూడోది కారబైనర్. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసి ఉండాలి. అల్యూమినియంది ఉప్పునీటికి ఒక సీజన్‌లోనే బిగుసుకుపోతుంది. నోటి దగ్గర పన్ను లేనిది చూసుకోండి, పన్ను ఉన్నది తాడుకు తగులుకుని విప్పేటప్పుడు ఏడిపిస్తుంది. తగిలించాల్సింది ముక్కు దగ్గర గట్టి డెక్ తాడుకు, ఎలాస్టిక్‌కు ఎప్పుడూ కాదు. ఎలాస్టిక్ సాగి సాగి తెగితే స్టీల్ ముక్క వెనక్కి రాయిలా ఎగిరొస్తుంది.

ఇద్దరే ఉన్నప్పుడు టో బెల్టుకు ఒక పెద్ద పరిమితి ఉంది, ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. తాడు చివర ఉన్న మనిషి నిలకడగా కూర్చోలేకపోతే, 15 మీటర్ల దూరంలో ఒంటరిగా మళ్లీ బోల్తా పడతాడు. ముగ్గురుంటే ఒకరు పక్కన పట్టుకుని తెప్ప కడతారు, ఇంకొకరు లాగుతారు. ఇద్దరికి ఆ వీలు లేదు. అప్పుడు మిగిలేది మీటరు పొడవు పొట్టి తాడు. పడ్డ మనిషి కాపాడే పడవ ముందు డెక్ మీద వాలి పట్టుకుంటాడు, రెండు పడవలూ పొట్టి తాడుతో కలిసి ఉంటాయి, కాపాడే మనిషి తెడ్డు వేస్తాడు. రాళ్ల నుంచి 50 మీటర్లు తప్పుకోవడానికి ఇది భేషుగ్గా పనిచేస్తుంది, రెండు కిలోమీటర్లకు పనిచేయదు. అంత దూరం ఉంటే తెప్పగా ఉండి సాయం పిలవడమే దారి. లాగుతూ వెళ్లేటప్పుడు కూడా మీ మామూలు వేగం సగానికి పడిపోతుందని అనుకునే దారి లెక్క వేసుకోండి.

తాడుతో పాటు లైఫ్ జాకెట్ మీద చిన్న కత్తి ఉండాలి, మొద్దు కొస ఉన్నది. బకిల్ మొరాయిస్తే తాడు కోయడానికి.

స్టిరప్: ఇంట్లో చేసుకోండి

మడమ మెలిక అందరికీ రాదు. మోకాలు నొప్పులున్నవాళ్లు, భుజం బలం లేనివాళ్లు, కాస్త బరువున్నవాళ్లు రెండుసార్లు ప్రయత్నించేసరికి అలిసిపోతారు. అలాంటివారికి నీళ్లలో ఒక మెట్టు కావాలి. స్టిరప్ అంటే అదే. దుకాణంలో దొరుకుతాయి కానీ డబ్బు తగలేయక్కర్లేదు. 25 మి.మీ. వెడల్పు నైలాన్ పట్టీ 4.5 మీటర్లు తీసుకుని, కొసలు రెండూ కలిపి పట్టీ ముడి వేయండి. ముడి బయట కనీసం 8 సెం.మీ. కొసలు మిగలాలి, తక్కువైతే బరువు పడినప్పుడు జారుతుంది. ముడి వేసే ముందే, అడుగున పాదం పెట్టే చోట 15 సెం.మీ. గార్డెన్ హోస్ ముక్క ఎక్కించండి. ఈ ముక్క లేనిదే అసలు ప్రయోజనం లేదు. ఖాళీ పట్టీ నీళ్లలో ముడుచుకుపోతుంది, పాదానికి దొరకదు.

వాడేది ఇలా: వలయాన్ని కాక్‌పిట్ అంచు చుట్టూ తొడిగి, మిగిలింది ఈత మనిషి పక్కకు వేలాడదీయాలి. పాదం నీటి మట్టానికి 60 నుంచి 70 సెం.మీ. కిందికి చేరాలి. పొడవెక్కువైతే ఒక ముడి వేసి కుదించండి. సాధారణంగా జరిగే తప్పేమిటంటే పాదాన్ని ముందుకు తోయడం. అప్పుడు కాళ్లు పడవ కిందికి వెళ్లి మనిషి వెనక్కి వాలిపోతాడు. పాదాన్ని తిన్నగా కిందికి నొక్కాలి, ఛాతీని డెక్ మీదకు వాల్చాలి. ఎక్కాక పాదం బయటికి వచ్చిందో లేదో కాపాడే మనిషి కళ్లతో చూసుకోవాలి. వలయంలో కాలు ఉండగానే రెండోసారి బోల్తా పడితే అది ప్రాణం మీదకు తెస్తుంది. ఈ ప్రమాదం వల్లే స్టిరప్‌ను మొదటి ప్రయత్నంగా సిఫారసు చేయలేం. మడమ మెలిక రెండుసార్లు తప్పినప్పుడే తీయండి.

పాడిల్ ఫ్లోట్: ఇద్దరున్నప్పుడు పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే

తెడ్డు కొసకు తొడిగి గాలి ఊది, పడవకు అడ్డంగా పెట్టి, దాన్ని ఆసరాగా ఎక్కే ఈ సంచీ ఒంటరి మనిషికి ఉన్న చివరి దారి. సియాటిల్ స్పోర్ట్స్ వాళ్లది రెండు గదుల రకం, ఒక గది చిరిగినా రెండోది తేలుతుంది. ఆ ఆలోచన మంచిదే. కానీ ఒక్కో గదికి నిండుగా చాలాసార్లు ఊదాలి, పళ్లు కొట్టుకుంటున్న నోటితో, తిప్పే చిన్న వాల్వును వణికే వేళ్లతో పట్టుకుని. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఇదే. పక్కన తోడు పడవ ఉండగా ఎవరూ ఈ దారి పట్టనక్కర్లేదు. గట్టి నురుగు దిమ్మ ఫ్లోట్‌కు ఊదే బాధ లేదు, తేలే శక్తి కొంచెం తక్కువ, డెక్ మీద స్థలం ఎక్కువ తింటుంది. కొనక తప్పదనుకుంటే నురుగు రకమే కొనండి.

ఒక చోట మాత్రం ఇది ఇద్దరికీ అక్కరకొస్తుంది. పైన చెప్పిన టో చిక్కు గుర్తుందా? నిలకడ లేని మనిషి తెడ్డు కొసకు ఫ్లోట్ తొడిగి, తెడ్డును సీటు వెనక డెక్ తాళ్ల కింద అడ్డంగా గట్టిగా బిగిస్తే అది పక్క కొయ్యలా పడవను ఆపుతుంది. అలలు చిన్నవైతే లాగుతూ తీసుకెళ్లవచ్చు. బిగించే పట్టీలు డెక్ మీద ముందే ఉండాలి, మామూలు ఎలాస్టిక్ కింద దోపితే తెడ్డు జారిపోతుంది. ఈ ఒక్క పనికి కొనదలిస్తే కొనండి, కానీ పంపు, టో బెల్టు తరువాతే.

తాడు విసిరే సంచీ గురించి రెండు మాటలు. అది నదిలో ఒడ్డున నిలబడి విసరడానికి చేసినది. సరస్సులో, సముద్రంలో కాయక్ లోంచి విసిరి లాగితే మీరే బోల్తా. దాన్ని టో తాడుగా నడుముకు కట్టుకోవడం అంతకన్నా ప్రమాదం, చాలావాటికి విడిపించే బకిల్ ఉండదు కదా.

లైఫ్ జాకెట్ ఎక్కించే పిడి కూడా

అమెరికాలో కాయక్ మీద ఒక్కో మనిషికీ కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ ఉండాలన్నది చట్టం. ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. రెస్క్యూ దృష్టితో చూస్తే అది తేలే వస్తువు మాత్రమే కాదు, కాపాడే మనిషికి దొరికే పిడి. భుజం పట్టీలు పట్టుకుని పైకి లాగినప్పుడు జాకెట్ చెవుల దాకా లేస్తే అది వదులు. పక్క పట్టీలన్నీ బిగించాక గడ్డం దాకా కూడా రాకూడదు. నడుముకు కట్టుకునే గాలి ఊదే రకం వేసవిలో హాయిగా ఉంటుంది, ఉబ్బాక మాత్రం ఛాతీ మీద దిండు పెట్టుకుని వెనక డెక్ మీదకు పాకినట్టే. ఇద్దరి రెస్క్యూకి అది పనికిరాదు. నురుగు జాకెట్ కొనండి, వెనక నురుగు పైభాగానే ఉన్నది చూసుకోండి, సీటుకు అడ్డం రాదు.

అన్నిటికంటే ఖరీదైన రెస్క్యూ సామాను పడవే

కాక్‌పిట్‌కు ముందూ వెనకా అడ్డగోడలు లేని పడవకు ఎంత సామాను కొన్నా టీ-రెస్క్యూ సరిగా రాదు. పెద్ద దుకాణాల్లో చవగ్గా దొరికే 10 అడుగుల రిక్రియేషన్ కాయక్‌లలో చాలావాటికి ముందు అడ్డగోడ ఉండదు, కొన్నిటికి వెనకదీ ఉండదు. నిండితే 200 లీటర్లు పట్టవచ్చు, అంటే 200 కిలోలు. డెక్ మీదకు లేపడం మాట అటుంచి కదిలించడమే కష్టం. అలాంటిది ఇప్పటికే కొని ఉంటే ముందూ వెనకా గాలి సంచులు నింపి పట్టీలతో బిగించండి. ఇది పాడిల్ ఫ్లోట్ కంటే పదిరెట్లు మంచి ఖర్చు. అప్పుడూ ఒడ్డుకు ఈది వెళ్లగలిగినంత దూరంలోనే తిరగండి. వెనక అడ్డగోడ ఉన్నా సీటుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మధ్యలో జానెడు సందు ఉంటే బోర్లించినప్పుడు నీళ్లు అక్కడ నిలిచిపోతాయి.

పైన కూర్చునే సిట్-ఆన్-టాప్ పడవలకు ఈ గొడవ లేదు. నీళ్లు రంధ్రాల్లోంచి వాటంతటవే పోతాయి. తోడు మనిషి అవతలి పక్క పట్టుకుంటే చాలు, కాళ్లు తన్నుతూ బొడ్డు దాకా పైకి పాకి, తిరిగి కూర్చోవాలి. పంపు అక్కర్లేదు, కాకపోతే డొల్లలోకి పగులు గుండా నీళ్లు చేరుతుంటే గమనించరు. రోజూ నీళ్లలోకి దిగే ముందు డ్రెయిన్ బిరడా బిగించారో లేదో చూడండి. ఇంటెక్స్ ఎక్స్‌ప్లోరర్ లాంటి గాలి పడవలు తేలికగా ఎక్కొచ్చు కానీ గాలికి ఎండుటాకులా కొట్టుకుపోతాయి. వాటితో టో బెల్టు ఉన్న తోడు లేకుండా పెద్ద సరస్సు మధ్యకు పోవద్దు.

భార్యాభర్తలు ఎక్కువగా కొనే ఇద్దరి పడవలో ఒక మెలిక ఉంది. పడితే ఇద్దరూ ఒకేసారి పడతారు. కాపాడే మనిషే ఉండరు. ఒకరు అవతలి పక్క నుంచి బరువు వేలాడేసి ఆపుతుంటే రెండోవారు ఎక్కాలి, తరువాత పైనున్నవారు వాలి ఆపుతుంటే కిందివారు ఎక్కాలి. నిండిన ఇద్దరి పడవను పంపుతో ఖాళీ చేయడానికి చాలాసేపు పడుతుంది. చన్నీళ్లలో ఇద్దరి పడవ ఒక్కటే పోవడం కంటే, ఇంకో పడవ తోడు ఉండేలా చూసుకోవడం మేలు.

విశాఖ రుషికొండ వైపు కాయక్ వేసేవాళ్లకు చలి సమస్య కాదు, విరిగే అల. అలలు విరిగే పట్టీలో టీ-రెస్క్యూ చేయబోతే రెండు పడవలూ ఒకదాని మీద ఒకటి పడి వేళ్లు నలుగుతాయి. పడ్డ మనిషి పడవకు సముద్రం వైపు ఉండాలి, ఒడ్డు వైపు ఎప్పుడూ కాదు. నీళ్లు నిండిన పడవను అల తోస్తే మధ్యలో ఉన్నవారి నడుము విరుగుతుంది. వెనక కొస పిడి పట్టుకుని అలలతో పాటే ఒడ్డుకు కొట్టుకురావడం అక్కడి పద్ధతి. తోడు మనిషి అలల బయట ఆగి చూడాలి, లోపలికి దూరకూడదు. అలల అవతల లోతు నీళ్లలో పడితే మాత్రం పైన చెప్పిన వరుసే. ఈ పట్టీలో తెడ్డును తాడుతో పడవకు కట్టుకోవద్దు, ఒంటికి అసలే కట్టుకోవద్దు. తిరగబడ్డప్పుడు ఆ తాడే మెడకు చుట్టుకుంటుంది.

సాయం పిలిచే వస్తువు కూడా సామానులో భాగమే. ప్యూజెట్ సౌండ్‌లో నీళ్లలో తేలే 5 వాట్ల వీహెచ్ఎఫ్ చేతి రేడియో, ఆపదలో పిలిచే ఛానల్ 16. మన తీరంలో ఇండియన్ కోస్ట్ గార్డ్ నంబరు 1554, నీరు చొరని సంచీలో ఫోన్. రెండు చోట్లా అది జాకెట్ జేబులో ఉండాలి, పడవ హ్యాచ్ (సామాను అర)లో కాదు. పడవ పోతే హ్యాచ్ కూడా పోతుంది.

డబ్బు తక్కువగా ఉంటే కొనే వరుస ఇది: ఒంటికి సరిగ్గా పట్టే నురుగు జాకెట్లు రెండు, వెడల్పు గొట్టం పంపులు రెండు, టో బెల్టు ఒకటి. తరువాత పట్టీతో ఇంట్లో చేసుకున్న స్టిరప్. టో బెల్టు ఇద్దరిలో ఎక్కువ అనుభవం ఉన్నవారే కట్టుకుంటారు సాధారణంగా, కానీ పడేది వాళ్లే అయితే? బడ్జెట్ దొరికినప్పుడు రెండోది కొనండి. అప్పటిదాకా ఒక్క బెల్టునూ వంతులవారీగా కట్టుకుని, ఛాతీ లోతు నీళ్లలో ఒకరినొకరు పది మీటర్లు లాగి, బకిల్ విడిపించి చూడండి.